స్క్రూ కింద అర అంగుళం

కృష్ణా నది నీటితో జూరాలలో ఒక్కొక్కటి 39 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు, దిగువ జూరాలలో 40 మెగావాట్ల చొప్పున మరో ఆరు యూనిట్లు నడుస్తాయి. ఆత్మకూరు వాసులకు ఈ రెండూ ఇంటి పొరుగు వంటివే. అక్కడ పుట్టిన విద్యుత్తు గ్రిడ్డులో కలిసి, సబ్ స్టేషన్ల మీదుగా 11 వేల వోల్టుల తీగలలో ఊరూరా తిరిగి, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులకు దిగి మన గడపలోకి వస్తుంది. ఇంత దూరమూ దానిని కనిపెట్టి ఉండేందుకు ఇంజనీర్లున్నారు, లైన్‌మన్లున్నారు, మీటర్లున్నాయి. ఇంట్లో స్విచ్చు వెనుక, ప్లగ్గు లోపల, మోటారు స్టార్టరు పెట్టెలో ఒక చిన్న స్క్రూ కింద రాగి తీగ కొసను బిగించిన చోట మాత్రం ఎవరూ ఉండరు. ఆ కొస పొడవు అర అంగుళం కూడా ఉండదు. ఇళ్ళలో ప్లగ్గులు నల్లబడటం, స్విచ్చులు కరిగిపోవడం, ఇనుప కూలరు ముట్టుకుంటే ఝల్లుమనడం వంటి వాటిలో చాలా భాగం ఆ అర అంగుళం దగ్గరే మొదలవుతాయి.

గోడలో వైరు మంచిదా కాదా అని ఇల్లు కట్టుకునేవారందరూ అడుగుతారు. ఏ కంపెనీ, ఎన్ని చదరపు మిల్లీమీటర్లు, మంటను తట్టుకుంటుందా అని విచారిస్తారు. ఆ వైరు కొసను ఎలా ముగించారని అడిగిన గృహస్థుని నేను ఇంతవరకు చూడలేదు.

ఇరవై రెండు పోగులు

నేడు ఇళ్ళలో వాడే వైరు ఒకే మందపాటి తీగ కాదు, సన్నని పోగుల కట్ట. పాత మేస్త్రీలు ఇప్పటికీ దుకాణంలో 3/20, 7/20 అని అడుగుతారు. అంటే 20 గేజి తీగలు మూడు, లేదా ఏడు అని అర్థం. ఇప్పటి మెత్తని వైరులో పోగులు ఇంకా సన్నవి, ఇంకా ఎక్కువ. లైట్లకు, ఫ్యాన్లకు వేసే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల పోగులు 22 ఉంటాయి. రెండున్నర వైరులో 36, ఒకటి వైరులో 14 ఉంటాయి. పోగులు ఎక్కువైన కొద్దీ వైరు మెత్తగా వంగుతుంది, గొట్టాలలోకి సులువుగా దూరుతుంది, మాటిమాటికీ కదిలినా త్వరగా తెగదు. ఆ మెత్తదనమే స్క్రూ దగ్గరికి వచ్చేసరికి చిక్కు తెస్తుంది.

మా పక్కనే ఉన్న అమరచింత చేనేతకు పేరున్న ఊరు. అక్కడ మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగును దానికి అతుకుతారు. వేల పోగులను ఒక్కొక్కటిగా తీసి, పాత పోగు కొసతో కొత్త పోగు కొసను కలిపి మెలివేస్తారు. ఒక్క పోగు తప్పితే బట్టలో గీత పడుతుందని నేతగానికి తెలుసు. కరెంటు పనిలో ఉన్నవి ఇరవై రెండు పోగులే. అయినా వాటిలో నాలుగైదు బయట వేలాడుతున్నా పట్టించుకోకుండా మూత బిగించడం మామూలైపోయింది. నేతగాని తప్పు బట్ట మీద నలుగురికీ కనిపిస్తుంది. ఇది కనిపించదు. అందుకే నేను ఈ పనిని అమానత్ కోవలో చేరుస్తాను.

చెడేది మూడు విధాలుగా చెడుతుంది. మొదటిది, తొడుగు తీసేటప్పుడే పోగులు తెగిపోవడం. బ్లేడుతోనో, కటింగ్ ప్లయర్‌తోనో, కొందరు పళ్ళతోనో ప్లాస్టిక్ తొడుగును లాగుతారు. ఇరవై రెండు పోగులలో ఎనిమిది తెగితే మిగిలేవి పద్నాలుగు. అంటే ఒకటిన్నర వైరుకు డబ్బు చెల్లించి, స్క్రూ దగ్గర ఒకటి వైరును వాడుకుంటున్నామన్నమాట. రెండవది, ఒక పోగు దారి తప్పి పక్క టెర్మినల్‌కో, లోహపు పెట్టెకో తగలడం. సన్నని ఆ పోగు ఇనుప కూలరు లోపలి గోడకు ఆనితే, ఎర్తు సరిగా లేని ఇంట్లో కూలరు మొత్తం ఫేజుగా మారుతుంది. వేసవిలో తడి నేల మీద వట్టి కాళ్ళతో నీళ్ళు పోయబోయిన పిల్లవాడికి అది ప్రాణాంతకం. మూడవది వదులు పట్టు. ఇది అన్నిటికన్నా సాధారణం, అన్నిటికన్నా మౌనం.

ఫ్యూజు ఎందుకు కొట్టలేదు?

మా మదరసా వుజూఖానాలో చలికాలానికి ఒక గీజరు ఉంది. రెండేళ్ళ కిందట దాని సాకెట్టు ఒక పక్క గోధుమరంగుకు తిరిగి, ఆ తరువాత నల్లబడి, చివరకు ప్లాస్టిక్ వంగిపోయింది. మెయిన్ పెట్టెలో ఎమ్‌సీబీ మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. మా వీధిలో ఒక వృద్ధ ఎలక్ట్రీషియన్ ఉన్నారు. ఊళ్ళో అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. నన్నూ అదే మాటతో పిలుస్తారు కనుక మేమిద్దరం ఒకే చోట ఉన్నప్పుడు పిల్లలకు కొంత తికమక కలుగుతుంది. ఆయన సాకెట్టు విప్పి చూపించారు. స్క్రూ కింద పోగులు సగమే ఉన్నాయి, మిగిలినవి పక్కకు విచ్చుకుపోయి మసిబారాయి.

"ఉస్తాద్, ఇంత కాలినా ఎమ్‌సీబీ ఎందుకు పడలేదు?" అని అడిగాను.

"మౌల్వీ సాబ్, కరెంటు ఎక్కువైతేనే దానికి తెలుస్తది. ఇక్కడ కరెంటు ఎక్కువ కాలేదు, తొవ్వ ఇరుకైంది" అన్నారాయన.

ఆ ఒక్క మాటలో విషయమంతా ఉంది. లెక్క వేసి చూద్దాం. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. స్క్రూ దగ్గర పట్టు చెడి అక్కడ అర ఓము నిరోధం ఏర్పడిందనుకోండి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఆ చిన్న చోటనే దాదాపు 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ చేతిలోని సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25 వాట్లదే, అది లోహాన్ని కరిగిస్తుంది. వైరు మీది పీవీసీ తొడుగు మామూలుగా 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది. గీజరు సొంత నిరోధం 26 ఓములకు పైగా ఉంటుంది. దానికి ఈ అర ఓము తోడైనందువల్ల మొత్తం కరెంటు పెరగదు, నిజానికి కాస్త తగ్గుతుంది. ఎమ్‌సీబీకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. భూమిలోకి 30 మిల్లీ ఆంపియర్లు కారితే పడిపోయే ఆర్‌సీసీబీ అనే మరో పరికరం ఉంది. అది మనిషి ప్రాణం కాపాడే గొప్ప సాధనం, ప్రతి ఇంట్లో ఉండదగినది. కానీ ఇక్కడ కరెంటు ఎటూ కారడం లేదు, తన దారినే పోతున్నది. కనుక దానికీ ఇది తెలియదు.

ఒకసారి మొదలైతే ఇది తనంతట తాను ముదురుతుంది. వేడికి రాగి వ్యాకోచిస్తుంది, చల్లారితే సంకోచిస్తుంది. ప్రతి విడతకూ పట్టు కొంచెం సడలుతుంది. వేడికి పోగుల పైన కిలుము వంటి పొర పట్టి నిరోధం ఇంకా పెరుగుతుంది.

"మరి మనకు తెలిసేదెట్లా?" అని అడిగితే ఉస్తాద్ నవ్వి, "ప్లగ్గు తీసి పిన్ను పక్క ప్లాస్టిక్‌ను చేత్తో ముట్టి చూడాలె సాబ్. వాసన చూడాలె" అన్నారు. ఇంట్లో ఇస్త్రీ పెట్టె, గీజరు, గ్రైండరు వాడేది ఎక్కువగా గృహిణులే కనుక ఈ మాట ముఖ్యంగా వారికి ఉపయోగపడుతుంది. స్విచ్చు కట్టివేసి, పొడి చేతులతో ప్లగ్గు తీసి చూడండి. గోరువెచ్చదనం పెద్ద విషయం కాదు. చెయ్యి ఆనించలేనంత వేడి, చేప కుళ్ళినట్లు లేక ప్లాస్టిక్ మాడినట్లు వాసన, లైటు రెపరెపలు, స్విచ్చు లోపల చిటపట శబ్దం, సాకెట్టు మీద గోధుమరంగు మరక, వీటిలో ఏది కనిపించినా ఆ పాయింటును వాడటం ఆపివేసి విప్పించాలి.

సోల్డరు వేస్తే గట్టిపడదా?

పోగులు విచ్చుకోకుండా కొసకు సోల్డరు పూసి స్క్రూ కింద పెట్టడం పాత అలవాటు. చూడటానికి ఎంతో శ్రద్ధగా చేసిన పనిలా ఉంటుంది. మైకు సెట్లు, రేడియోలు బాగుచేసి అనుభవం ఉన్నవారు ఎక్కువగా ఇలా చేస్తారు. సర్క్యూట్ బోర్డు మీద సోల్డరు మంచిదే, స్క్రూ కింద కాదు. సోల్డరు మెత్తని లోహం. ఎడతెగని ఒత్తిడి కింద ఉంటే వేడి లేకున్నా అది మెల్లమెల్లగా జరుగుతుంది. నేడు గట్టిగా బిగించిన స్క్రూ కొన్ని నెలలకు వదులవుతుంది, ఎవరూ దానిని ముట్టుకోకుండానే. వేడెక్కితే మరీ కష్టం. సీసం, తగరం కలిసిన మామూలు సోల్డరు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. పైగా సోల్డరు ఎక్కడ ఆగిందో అక్కడ వైరు ఒక్కసారిగా బిరుసు నుండి మెత్తదనానికి మారుతుంది. కదలిక ఉన్న చోట పోగులు సరిగ్గా అక్కడే తెగుతాయి. గృహోపకరణాల భద్రతకు అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక కమిషన్ రూపొందించిన 60335 ప్రమాణం కూడా, సోల్డరు జరిగి పట్టు చెడే అవకాశమున్న చోట దానితో గట్టిపరచిన కొసను ఒత్తిడి కింద పెట్టరాదనే చెబుతుంది. శ్రద్ధ ఉన్నంత మాత్రాన పని సరైనది కాదు, ఆ పనికి తగిన విద్య కూడా ఉండాలి. మా మదరసాలో పాఠం బాగా స్థిరపడటాన్ని ఇత్‌ఖాన్ అంటాము. గొంతెత్తి చదివినవారందరికీ అది వచ్చినట్లు కాదు.

సరైన ముగింపు

అన్నిటికన్నా ముందు మెయిన్ ఆపాలి. టెస్టరుతో చూడాలి. ముందుగా కరెంటు ఉన్నదని తెలిసిన మరో పాయింటులో ఆ టెస్టరు వెలుగుతున్నదో లేదో పరీక్షించి, ఆ తరువాతే దాని మాట నమ్మాలి. అలవాటు లేనివారు తాము విప్పకూడదు. పని చేయించుకునేటప్పుడు పక్కన నిలబడి చూస్తే చాలు.

తొడుగు తీయడానికి వైర్ స్ట్రిప్పరు అనే పనిముట్టు ఉంది. వైరు కొలతకు తగిన గాడిలో పెట్టి నొక్కితే పోగులకు గాటు పడకుండా తొడుగు మాత్రమే వస్తుంది. ఎంత పొడవు తీయాలన్నది టెర్మినల్ లోతు చెబుతుంది. తక్కువ తీస్తే స్క్రూ ప్లాస్టిక్ తొడుగు మీద కూర్చుంటుంది. బిగిసినట్లే అనిపిస్తుంది కానీ రాగికి పట్టు ఉండదు. ఎక్కువ తీస్తే బయట నగ్నంగా రాగి మిగులుతుంది. టెర్మినల్‌లో పెట్టాక బయట రాగి కనిపించకూడదు, లోపల తొడుగు ఉండకూడదు.

టెర్మినళ్ళు కూడా ఒకే రకం కావు. మంచి ఎమ్‌సీబీలో స్క్రూ తిప్పితే ఒక పలక కదిలి తీగను సమంగా నొక్కుతుంది. అక్కడ పోగులన్నీ లోపలికి పోయేలా వాటి సహజమైన మెలిని అనుసరించి కొంచెం మెలివేసి పెట్టినా సరిపోతుంది. చవక ప్లగ్గులు, కనెక్టర్లలో స్క్రూ మొన నేరుగా పోగుల మీదికి దిగుతుంది. తిరుగుతూ దిగే ఆ మొన పోగులను పక్కలకు తోస్తుంది, కొన్నింటిని తెంపుతుంది. రంధ్రం పెద్దది, వైరు సన్ననిది అయినప్పుడు కొసను రెండింతల పొడవు తీసి, మధ్యకు మడిచి, మందం చేసి పెట్టడం తక్షణ ఉపాయం. స్క్రూ తల కింద చుట్టి బిగించే రకం మూడవది. అక్కడ తీగను స్క్రూ తిరిగే దిశలోనే, అంటే గడియారపు ముల్లు దిశలో చుట్టాలి. అప్పుడు బిగించే కొద్దీ తీగ లోపలికి లాక్కుంటుంది. ఎదురు దిశలో చుడితే బయటికి నెట్టబడుతుంది.

వీటన్నిటికన్నా మేలైన పద్ధతి కొసకు లోహపు తొడుగు వేయడం. బూటు తాడు కొసన ఉండే గట్టి గొట్టాన్ని గుర్తు చేసుకోండి. అది లేకుంటే తాడు పోగులు విడిపోయి రంధ్రంలో దూరదు. సరిగ్గా అలాంటిదే తగరపు పూత గల చిన్న రాగి గొట్టం, వెనుక రంగు ప్లాస్టిక్ గరాటుతో దొరుకుతుంది. పోగులన్నిటినీ అందులో దూర్చి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కితే అవి ఒకే గట్టి పిన్నుగా మారుతాయి. స్క్రూ మొన వాటిని విడదీయలేదు, ఒక్క పోగు కూడా దారి తప్పదు. దీని పేరు ఫెర్రూల్. ఇక్కడ ఒక తికమక ఉంది. మన దుకాణాలలో ఫెర్రూల్ అని అడిగితే తరచుగా ప్యానెల్ వైర్లకు గుర్తు కోసం తొడిగే అంకెల ప్లాస్టిక్ రింగులు ఇస్తారు. బూట్‌లేస్ ఫెర్రూల్ అని కానీ, ఎండ్ సీలింగ్ అని కానీ అడగాలి. జర్మనీ ప్రమాణంలో ఒకటి చదరపు మిల్లీమీటరుకు ఎరుపు, ఒకటిన్నరకు నలుపు, రెండున్నరకు నీలం రంగులుంటాయి. వేరే పద్ధతిలో రంగులు వేసేవారూ ఉన్నారు కనుక పొట్లం మీద అంకె చూసి కొనడం మంచిది. ఒకే రంధ్రంలోకి రెండు వైర్లు పోవలసి వస్తే జంట ఫెర్రూళ్ళు కూడా దొరుకుతాయి.

స్క్రూ తల కింద పెట్టవలసిన చోట ఫెర్రూల్ కాక లగ్గు వాడాలి. మన మేస్త్రీలు దీనినే థింబుల్ అంటారు. ఉంగరంలా ఉండేది స్క్రూ కాస్త వదులైనా జారిపోదు. రెండు కొమ్ములతో ఉండేది స్క్రూను పూర్తిగా తీయకుండానే దూర్చవచ్చు, కాని వదులైతే ఊడివస్తుంది. నా ఓటు ఉంగరానికే. ఏది వేసినా దానికి తగిన ప్లయర్‌తోనే నొక్కాలి. కటింగ్ ప్లయర్‌తో అదిమితే గొట్టం చప్పబడుతుంది కాని లోపల పోగులకు పట్టు రాదు. నొక్కిన తరువాత వైరు పట్టుకొని లాగి చూడాలి. ఊడివస్తే పారవేసి కొత్తది వేయాలి. ఊడిన దాన్నే మళ్ళీ నొక్కరాదు. నొక్కిన లగ్గు మీద బలానికని సోల్డరు పోయడమూ అనవసరం.

పొలం దగ్గర

ఇంట్లో సాకెట్టు కాలితే కొత్త సాకెట్టుతో పోతుంది. పొలం దగ్గర పోయేది మోటారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైన తరువాత బోరు మోటార్లు ఎడతెరిపి లేకుండా నడిచే అవకాశం వచ్చింది, స్టార్టరు టెర్మినళ్ళకు విశ్రాంతి తగ్గింది. 5 హార్స్ పవర్ల త్రీఫేజ్ మోటారు నడిచేటప్పుడు దాదాపు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బ ప్రతిసారీ స్టార్టరులోని స్క్రూల మీద పడుతుంది. మూడు ఫేజులలో ఒక స్క్రూ దగ్గర పట్టు పోతే మోటారు ఆగదు, మిగిలిన రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరుగుతుంది. ఆ రెండింటిలో కరెంటు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే సరిగా అమర్చి ఉంటే బతికిపోతుంది. చాలాచోట్ల ఆ రిలేను ఎక్కువకు తిప్పివేసో, తప్పించివేసో ఉంచుతారు. అప్పుడు వైండింగ్ కాలుతుంది. రైతు లోవోల్టేజిని తిట్టుకుంటూ మోటారును బోరు నుండి పైకి లాగి వైండింగ్ షాపుకు తీసుకుపోతాడు. కొత్త వైండింగ్ వేసి దించిన తరువాత కూడా స్టార్టరులో ఆ పాత కాలిన కొసనే మళ్ళీ బిగిస్తారు. నల్లబడిన రాగి పట్టునివ్వదు. మెరిసే రాగి కనిపించేవరకు కత్తిరించి, కొత్త లగ్గు వేసి బిగించాలి.

పొలాలలోనూ, పాత ఇళ్ళలోనూ అల్యూమినియం తీగ ఇంకా ఉంది. దానికి గాలి తగిలిన వెంటనే పట్టే పొర కరెంటును సరిగా పోనివ్వదు. దానిని రాగితో కలిపి మెలివేసి పైన టేపు చుట్టడం మనకు మామూలు. తేమ తగిలితే ఆ రెండు లోహాల కలయిక తనను తానే తినివేసుకుంటుంది. ఒకవైపు అల్యూమినియం, మరోవైపు రాగి ఉండే బైమెటాలిక్ లగ్గులు ఇందుకోసమే ఉన్నాయి.

మసీదులు, మదరసాలలో ఈ పని తరచుగా సేవాభావంతో ముందుకు వచ్చే యువకుల చేతి మీదుగా జరుగుతుంది. రమజానులో దీపాల తోరణాలు, జల్సాలకు మైకులు, వేసవిలో కూలర్లు ఒకే రోజున అమర్చవలసి వస్తుంది. ఒక ప్లగ్గు నుండి మరొక బోర్డు, అక్కడినుండి ఇంకొకటి. వారి ఉత్సాహం మెచ్చదగినదే. కమిటీవారు వారి చేతికి ఒక స్ట్రిప్పరు, ఒక క్రింపింగ్ ప్లయర్, రెండు మూడు కొలతల ఫెర్రూళ్ళు, ఉంగరపు లగ్గులు కొనిపెట్టాలి. ఎండాకాలం రాకముందే అటకమీది కూలర్లను దించినప్పుడు ప్రతి ప్లగ్గునూ విప్పించి చూడాలి. మోటారు పెట్టె లోపల ఫేజు వైరు కొసకు ఇనుప గోడకు మధ్య ఎంత ఎడం ఉన్నదో గమనించాలి. కూలరు నీళ్ళు పోసేముందు స్విచ్చు ఆపడమే కాదు, ప్లగ్గు తీసివేసే నియమం పిల్లలకు నేర్పాలి.

త్రీపిన్ ప్లగ్గు విప్పినప్పుడు మరొకటి చూడండి. ఆకుపచ్చ ఎర్తు వైరు మిగిలిన రెండింటికన్నా కొంచెం పొడవుగా, వదులుగా ఉందా? ఎవరైనా తీగకు కాలు తగిలి గుంజితే ముందుగా ఫేజు ఊడాలి, ఎర్తు చివరన ఊడాలి. దానికోసమే ఎర్తు పిన్ను కూడా మిగిలిన పిన్నులకన్నా పొడవుగా చేస్తారు, లోపలికి ముందు పోతుంది, బయటికి చివరన వస్తుంది. ప్లగ్గు మెడ దగ్గర తీగను పట్టి ఉంచే చిన్న పట్టీ, దాని రెండు స్క్రూలు తరచుగా విప్పినచోటనే పోతాయి. అవి లేకుంటే గుంజిన బలమంతా నేరుగా కొసల మీద పడుతుంది. విప్పేముందు కింద ఒక తెల్లగుడ్డ పరచుకోమని మా ఉస్తాద్ పిల్లలకు చెబుతుంటారు.